ఒక సిలిండరు, రెండు తెరలు

మాది ఊపిరి వ్యాపారం. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశాక కూడా ఆక్సిజన్ మీదే ఉండవలసిన రోగులకు సిలిండర్లు అద్దెకిస్తాం. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే మిషన్లూ ఇస్తాం. అవి కరెంటు మీద నడుస్తాయి. మాస్కులు, ట్యూబులు, మీటర్లు అమ్ముతాం. చెప్పుల కొట్లో సైజు దొరక్కపోతే మనిషి పక్క కొట్టుకు పోతాడు. మా దగ్గర దొరక్కపోతే పోవడానికి పక్క కొట్టు లేదు. అందుకని ఈ వ్యాపారంలో సరుకు ఉండటం ఎంత ముఖ్యమో, ఎంత ఉందో తెలిసి ఉండటమూ అంతే ముఖ్యం.

కొట్లు రెండు. పెద్దాస్పత్రి రోడ్డులో ఉన్నది నాది. రైలు కట్టకు అవతల ఉన్నది తమ్ముడిది. గోడౌను మాత్రం ఒక్కటే, నా కొట్టు వెనక. తమ్ముడి కొట్టు గోడకు ఆనుకుని రొట్టెల బట్టీ ఉంది. నిప్పు పక్కన ఆక్సిజన్ పెట్టడానికి ఏ అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. కాబట్టి చీటీ వాడి కౌంటర్‌లో రాసినా సిలిండరు నా గోడౌను నుంచే వెళుతుంది. సరుకు ఒక చోట, నోళ్లు రెండు చోట్ల. మా కష్టాలన్నీ అక్కడే పుట్టాయి.

చాలాకాలం ఫోన్ల మీద నెట్టుకొచ్చాం. "అక్కా, పెద్ద సిలిండర్లు ఉన్నాయా?" "ఉన్నాయి." "ఒకటి నాది, ఎవరికీ ఇవ్వకు." కొట్లో జనం ఎక్కువైతే నేను ఫోను ఎత్తలేను. ఎత్తకపోతే వాడు అలుగుతాడు. అలిగినవాణ్ణి దారికి తెచ్చుకోవడానికి పట్టే సమయంలో ఇద్దరు గిరాకీలను చూసుకోవచ్చు. ఇది చూడలేక తమ్ముడి కూతురు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, మా కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చుంది. తెర మీద ఏం కనిపించాలి, చీటీ ఎలా రావాలి, అన్నీ సెలవు రోజుల్లో చేసేసింది. ఒక్క దగ్గర ఆగింది. సరుకు లెక్క ఎక్కడ దాచాలి?

అది తేల్చడానికి ఒక ఆదివారం నా కొట్టు పైగదిలో ముగ్గురం కూర్చున్నాం.

"రెండు దారులున్నాయి అత్తా," అంది మేనకోడలు, బోర్డు మీద పెట్టెలు గీస్తూ. "మొదటిది, లెక్కంతా ఒకే చోట. ఇక్కడ, నీ కొట్లో. నాన్న కౌంటర్ ప్రతిసారీ దీన్నే అడుగుతుంది. ఎప్పుడు అడిగినా ఇది నిజమే చెబుతుంది."

"ఇంటర్నెట్ లైన్ పోతే?" అన్నాడు తమ్ముడు.

"పోతే నీ తెర ఆగిపోతుంది నాన్నా. వచ్చేదాకా చీటీ రాయలేవు."

"బాగుంది. అంటే మీ అత్త గుమ్మంలో నేను గిన్నె పట్టుకుని నిలబడాలి."

"రెండోది కూడా విను. నీ దగ్గర ఒక లెక్క, అత్త దగ్గర ఒక లెక్క. లైన్ ఉన్నంతసేపూ రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి కబురు పంపుకుంటూ ఉంటాయి. లైన్ పోయినా నీ కౌంటర్ ఆగదు. వచ్చాక రెండూ మాట్లాడుకుని లెక్క కలుపుకుంటాయి."

"ఇదే కావాలి. తేలిపోయింది. లేవండి, ఆకలేస్తోంది."

"తేలలేదు. లైన్ పోయిన ఆ కాసేపూ అవతలివాళ్లు ఏం ఇచ్చారో ఇవతలివాళ్లకి తెలీదు. ఇద్దరి తెరల మీదా 'ఒకటి' అని ఉంటే, ఇద్దరూ ఆ ఒక్కదాన్నే ఇచ్చేస్తారు."

"చూడు లెక్కలమ్మా," అన్నాడు తమ్ముడు. కూతురి మీద విసుగొచ్చినప్పుడు వాడి నోట ఈ పేరే వస్తుంది. "నువ్వు చదివింది కంప్యూటరా, జాతకాలా? కూర్చోబెట్టి గండాలు చెబుతున్నావు."

"గండాలు కాదు నాన్నా. మీరు ఏది పోగొట్టుకోడానికి సిద్ధంగా ఉన్నారో అడుగుతున్నాను. లైన్ తెగినా ఆగకూడదు, తెగినా తప్పు చెప్పకూడదు అంటే, రెండూ ఒకేసారి ఇచ్చే డేటాబేస్ ఎవరూ కట్టలేదు. ఒకటి ఎంచుకోండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఇంట్లో ఏ పేచీ అయినా చివరికి నా ముందుకే వస్తుంది. తీర్పు ఎవరికి నచ్చకపోతే వాళ్లు నాలుగు రోజులు నాతో మాట్లాడరు.

వ్యాపారికి ఇలాంటి ప్రశ్న కొత్తది కాదు. తరచూ వచ్చే చిన్న నష్టమా, ఎప్పుడో వచ్చే పెద్ద నష్టమా అనేది కొట్టు తెరిచిన ప్రతివాడూ తేల్చుకోవలసిందే. నేను నా పద్ధతిలో తేల్చాను. లైన్ నెలకు ఒకటి రెండుసార్లకు మించి పోదు. పెద్ద సిలిండర్లు ఒక్కటి మిగిలేదాకా దిగడం అంతకన్నా అరుదు. ఈ రెండు అరుదుల్నీ హెచ్చవేస్తే వచ్చేది పట్టించుకోవలసినంత ఉండదు. తమ్ముడి కౌంటర్ సంగతి అలా కాదు. మొదటి పద్ధతిలో లైన్ పోయిన ప్రతిసారీ అది ఆగుతుంది.

"అమ్మడూ, రెండోదే చెయ్యి," అన్నాను.

"ఆలోచించే చెబుతున్నావా అత్తా, నాన్న మొహం చూసి చెబుతున్నావా?"

"వాడి మొహం చూసి నేనెప్పుడూ బేరం కుదుర్చుకోలేదు."

"నిజమే," అన్నాడు తమ్ముడు, "పుట్టినప్పట్నుంచీ అనుభవిస్తున్నాను."

నేను చెప్పిన హెచ్చవేత మేనకోడలికీ సబబుగానే తోచింది. తల ఊపి, బోర్డు మీద మొదటి పెట్టెను తుడిచేసింది.

నెలలు గడిచాయి. సాఫ్ట్‌వేర్ సాఫీగా నడిచింది. లైన్ అప్పుడప్పుడూ పోయేది, వచ్చేది. కొట్లో ఎవరికీ తెలిసేది కాదు. తమ్ముడు తన తెరను వచ్చిన ప్రతివాడికీ చూపించి "మా అమ్మాయే చేసింది" అని చెప్పుకునేవాడు. ఆ అమ్మాయి ఎదురుగా మాత్రం ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచే గాలి. సిలిండర్లు నింపుకొచ్చే లారీ దారిలో ఎక్కడో చెట్లు పడి ఆగిపోయిందని కబురు వచ్చింది. ఆఫీసు మూసేశారని మేనకోడలు దగ్గరలో ఉన్న నా కొట్టుకు వచ్చి, పైగదిలో తన పని చేసుకుంటోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గాలి రేగింది. ఎదుటి కొట్టు బోర్డు ఒక మేకు మీద వేలాడుతూ గోడను కొట్టుకోసాగింది. తర్వాత కరెంటు పోయింది.

కరెంటు పోతే మా వ్యాపారంలో ఏం జరుగుతుందో చెప్పాలి. ఇళ్లలో మిషన్లు ఆగిపోతాయి. ప్రతి మిషను పక్కనా అవసరానికని ఒక చిన్న సిలిండరు ఉంటుంది, గంటో గంటన్నరో వస్తుంది. ఇప్పుడే వస్తుందిలే కరెంటు అని కాసేపు చూస్తారు. రాదని తెలిశాక బయల్దేరతారు. అందరూ ఒకేసారి బయల్దేరతారు.

నా కౌంటర్ తెర బ్యాటరీ మీద వెలుగుతోంది. పెద్ద సిలిండర్ల అంకె చూస్తుండగానే దిగుతోంది. కొంత నా చీటీల వల్ల, కొంత తమ్ముడి చీటీల వల్ల. వ్యాను డ్రైవరు ఒకటి దించి వచ్చి ఇంకొకటి ఎక్కిస్తున్నాడు. తెర మూలన లైన్ ఉందని చెప్పే పచ్చ చుక్క ఎప్పుడు బూడిద రంగుకు మారిందో చూసుకోలేదు. చూసినా కంగారు పడేదాన్ని కాదు. లైన్ లేకపోయినా ఆగకూడదనేగా ఆ పద్ధతి తీసుకున్నది!

తలుపు తోసుకుని డ్రాయింగు టీచరమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె భర్తకు ఊపిరితిత్తులు దెబ్బతిని ఏళ్లయింది. అన్నేళ్ల నుంచీ మా దగ్గరే తీసుకుంటున్నారు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"పెద్దది ఒకటి ఉందా అండీ? ఇంట్లో చిన్నదాని మీటరు ముల్లు సగానికి దిగిపోయింది."

తెర చూశాను. ఒకటి ఉంది. "మీ అదృష్టం టీచరమ్మా, సరిగ్గా ఒకటుంది" అని చీటీ తీసిచ్చాను. అంకె సున్నా అయింది. డ్రైవరును కేకేశాను.

"వెనక ఒక్కటే ఉందమ్మగారూ, ఎక్కించేస్తున్నా," అన్నాడు.

వాడు దాన్ని బండి మీద వాల్చి వ్యాను దాకా తెచ్చాడో లేదో, సందు చివర నుంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవరులో చీటీ. తమ్ముడి కౌంటర్ చీటీ.

"కట్ట అవతల నుంచి వస్తున్నానమ్మా. దర్జీని. మా అమ్మకి. మీ తమ్ముడుగారు ఇక్కడ తీసుకోమన్నారు, పెద్దది ఒకటి." బండి మీద సిలిండరును చూసి వాడి మొహం తేటపడింది. "అదేనా?"

 డ్రైవరు నన్ను చూశాడు. టీచరమ్మ తన చేతిలో చీటీని చూసుకుంది.

"అది మాది బాబూ," అంది.

"ఎలా మీదవుతుంది? చూడండి, చీటీ. సంతకం, ముద్ర. ఆయన తెర మీద చూసి మరీ ఇచ్చారు."

"ఈవిడా చూసే ఇచ్చారు."

"అయితే ఇంకోటి తెమ్మనండి!"

"ఇంకోటి లేదు," అన్నాను.

దర్జీ వచ్చి సిలిండరు మెడ మీద చెయ్యి వేశాడు. లాగలేదు, కొట్లాడలేదు. చెయ్యి వేసి నిలబడ్డాడంతే. రెండో వైపు డ్రైవరు చెయ్యి ఉంది. ఫోను తీసి తమ్ముడికి చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. టవర్లూ పోయినట్టున్నాయి, కుయ్ మని ఒక చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆస్పత్రి అంబులెన్సుకు చేసినా అదే చప్పుడు. మేమే తీసుకెళ్దామన్నా ఆస్పత్రి వైపు రోడ్డుకు అడ్డంగా చెట్టు కూలి ఉంది.

మేనకోడలు మెట్లు దిగి వచ్చి రెండు చీటీలూ పక్కపక్కన పట్టుకుని వాటి మీద టైము చూసింది. 

"నాన్నది ముందు అత్తా. కాస్త ముందు. కానీ నీకు తెలిసే దారి లేదు. లైన్ అప్పటికే పోయింది."

ఎవరి చీటీ ముందంటే దర్జీది. గోడౌనుకు ఎవరు ముందు వచ్చారంటే టీచరమ్మ. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. రెండు తెరలూ అబద్ధం చెప్పలేదు. ఏ తెరకు తెలిసింది అది చెప్పింది. ఒక తెర ఆరిపోయి ఉంటే లేచి వెళ్లి వెనక చూసుకునేవాళ్లం. రెండూ ధైర్యంగా వెలిగాయి, మేం ధైర్యంగా మాటిచ్చాం.

అప్పుడు తట్టింది నాకు, నా హెచ్చవేత ఎక్కడ బెడిసిందో. లైన్ పోవడం ఒకటి, సిలిండర్లు అడుగంటడం ఒకటి అనుకుని విడివిడిగా లెక్కేశాను. అవి రెండూ విడి కావు. లైన్‌ను తెంపే గాలే కరెంటునూ తెంపుతుంది. కరెంటు పోతేనే ఊరు ఊరంతా సిలిండరు కోసం వస్తుంది. లైన్ లేని రోజే గోడౌను ఖాళీ అయ్యే రోజు. వానకు గొడుగు చిరుగుతుందేమోనని ఎండాకాలంలో లెక్కేసుకున్నట్టుంది నా తెలివి.

ఇప్పుడు దానివల్ల ఇద్దరి ప్రాణాలు ఒక్క సిలిండరు మీద ఉన్నాయి. వ్యాపారి మనసు ముందు ఎటు వాలిందో దాచను. టీచరమ్మ పాత గిరాకీ. దర్జీ కొత్తవాడు. ఆమెకు ఇచ్చేస్తే నాలుగు మంచి మాటలు నలుగురికి చెబుతుంది. అతనికి లేదంటే కట్ట అవతల తమ్ముడి పరువు పోతుంది. ఇంత లెక్క రెప్పపాటులో జరిగిపోయింది. దర్జీ చెయ్యి ఆ ఇనుము మీద నీలంగా బిగిసి ఉంది. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో తెలియలేదు.

"మీ అమ్మకి నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టమన్నారు?" అని అడిగాను.

"మూడు."

"టీచరమ్మా, సారుకి?"

"రెండు."

పెద్ద సిలిండరులో ఉన్న ఆక్సిజన్ ఇద్దరికీ కలిపి రేపు పొద్దుటిదాకా వస్తుంది. సరుకుకు లోటు లేదు. లోటల్లా, ఒక సిలిండరు రెండు ఇళ్లలో ఉండలేకపోవడమే. నా అద్దాల బీరువాలో ఒకే సిలిండరుకు రెండు మీటర్లు బిగించే జంట వాల్వు ఒకటి ఉంది. చిన్న ఆస్పత్రులవాళ్లు కొంటారు.

"సిలిండరు ఎక్కడికీ పోదు," అన్నాను. "ఇద్దరినీ ఇక్కడికి తీసుకురండి."

దర్జీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఈ గాలిలోనా? మంచం దిగితే ఆయాసపడే మనిషమ్మా ఆవిడ! మీరూ మీరూ చేసిన తప్పుకి మా అమ్మని రోడ్డు మీదికి లాగమంటారా? ఇచ్చేయండి, పోతాను."

"నీకు ఇస్తే నీ కష్టం తీరుతుంది. ఆవిడ కష్టం మొదలవుతుంది. తప్పు మాదే, కాదనను. తిట్టడానికి తర్వాత తీరిగ్గా రా, కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఇప్పుడు మీ అమ్మ చిన్న సిలిండరులో ముల్లు ఎక్కడుందో చెప్పు."

వాడి గొంతు తగ్గింది. "నేను బయల్దేరినప్పుడే ఎర్ర గీత దగ్గరుంది."

"అయితే వ్యాను ముందు నీకే. అమ్మడూ, నువ్వూ వెళ్లు. ముల్లు మీద నుంచి కన్ను తియ్యకు."

టీచరమ్మ ఏమంటుందోనని చూశాను. ఆమె తన చీటీని మడిచి నా చేతిలో పెట్టింది. "మా ఆయన్ని మెట్లు దించడానికి ఇద్దరు మగవాళ్లను ఇప్పించండి," అంది. అంతే.

పక్క తాళాల కొట్టు అన్నదమ్ములు కుర్చీ తీసుకుని ఆమెతో వెళ్లారు. నేను కౌంటర్ ముందున్న బల్లలు తోయించి రెండు మడత మంచాలు వేశాను. జంట వాల్వు బిగించాను. పట్టు జారి వేలు చీరుకుంది. సబ్బునీళ్లు పూసి ఎక్కడా బుడగ రాకుండా చూసుకున్నాను.

టీచరమ్మ భర్త ముందు వచ్చాడు. కుర్చీలో కూర్చునే, తల పక్కకు వాల్చి. ఒక మీటరు తిప్పాం. మీటరుకు తగిలించిన సీసాలో నీళ్లు బుడబుడలాడాయి. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి కొట్టు అంతా చూసి, "ఇంత దూరం తెచ్చారు, ఇక్కడ కూడా కరెంటు లేదా?" అన్నాడు. టీచరమ్మ నవ్వబోయి ఏడ్చింది.

రెండో మీటరు ఊరికే ఉంది. వ్యాను రాలేదు.

గుమ్మంలో నిలబడ్డాను. వెళ్లి రావడానికి పట్టే సమయానికి రెండింతలు గడిచింది. నేను ఏ లారీ కోసమూ, ఏ గిరాకీ కోసమూ అలా చూడలేదు. ఆ ముసలావిడ ముఖం కూడా నేనెరుగను. చిన్న సిలిండరులో ఎర్ర గీత కింద ఎంత మిగులుతుందో మాత్రం ఎరుగుదును. ఆ కాస్తా ఎప్పుడు అయిపోతుందో మనసు దానంతటది లెక్కేస్తోంది, ఆపమన్నా ఆపడం లేదు. లెక్క అయిపోయింది. వీధిలో ఎవరూ లేరు. ఒకవేళ దర్జీకే ఇచ్చి ఉంటే? అప్పుడు టీచరమ్మ ఇలాగే తన గుమ్మంలో నిలబడి ఉండేది.

సందు మొదట్లో ఏదో కదిలింది. వ్యాను కాదు. చక్రాల కుర్చీ. తోస్తున్నది మా తమ్ముడు. పక్కన వంగి పరుగెడుతున్నది మేనకోడలు, చంకలో చిన్న సిలిండరు, చేతిలో ట్యూబు. దర్జీ, డ్రైవరు చెరో వైపు పరదా గుడ్డ పట్టుకుని గాలిని ఆపుతున్నారు.

"రైలు గేటు పడిపోయింది అక్కా," అన్నాడు తమ్ముడు ఆయాసపడుతూ. "కరెంటు లేక కడ్డీ లేవట్లేదు. వ్యాను అవతల నా కొట్టు దగ్గరే ఆగిపోయింది. కుర్చీ ఎత్తి పట్టాలు దాటించాం."

"ఇందులో అయిపోయింది అత్తా," అంది మేనకోడలు. "సందు మొదట్లోనే."

ముసలావిడ పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. మాస్కు మార్చాం. రెండో మీటరు తిప్పాను. మూడు మీద పెట్టాను.  రెండు సీసాల బుడబుడ తప్ప చప్పుడు లేదు. దర్జీ తల్లి పాదాలు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నేను ఆవిడ గోళ్లు చూస్తున్నాను, రంగు ముందు అక్కడే తెలుస్తుంది. చాలాసేపు ఏమీ మారలేదు. తర్వాత ఒక గోరు కొసన కాస్త ఎరుపు కనిపించింది. అది నా ఆశేమోనని మళ్లీ చూశాను. రెండో గోరు. దర్జీ కూడా చూసినట్టున్నాడు, తల వంచుకుని నా చీర అంచుతోనే ముఖం తుడుచుకున్నాడు. ఎవరిదో చూసుకోలేదు. నేనూ లాక్కోలేదు.

గాలి సద్దుమణిగి చీకటి పడబోతుండగా మేం ముగ్గురం గోడ వారగా కూర్చున్నాం.

"నా తెర మీద ఒకటుంది అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"నా తెర మీదా ఉంది."

"మరి తప్పెవరిది? దీనిదేగా, రాసింది?"

"దాన్ని అనకు. ఎంచుకున్నది నేను, ఆకలేస్తోందని తొందరపెట్టింది నువ్వు." గాలీ, లైనూ, కరెంటూ ఒకే మొలతాడుకు కట్టి ఉన్నాయని నాకు తోచిన సంగతి చెప్పాను. మేనకోడలు మోకాళ్లలో తల పెట్టుకుని విని, "నేను చూడాల్సింది అత్తా," అంది.

"ముగ్గురం చూడాల్సింది. ఇప్పుడు మొదటి పద్ధతికి మార్చేద్దామా?"

"మార్చు!" అన్నాడు తమ్ముడు. "మారిస్తే ఈ మధ్యాహ్నం లైన్ పోయాక చిన్న సిలిండర్లకి నేను రాసిన మిగతా చీటీలన్నీ ఏమయ్యేవి? అవన్నీ సక్రమంగానే వెళ్లాయిగా? వాళ్లంతా నా తెర ముందు కూర్చుని ఏడ్చేవాళ్లు."

వాడన్నదీ అబద్ధం కాదు. ఆగని కౌంటర్ ఆ మధ్యాహ్నం కొందరిని కాపాడింది, ఒకరిని చంపబోయింది.

"ఇంకో పద్ధతి ఉంది," అంది మేనకోడలు. "మాస్కులూ ట్యూబులూ ఇప్పటిలాగే ఉంచుదాం. తేడా వస్తే తర్వాత సర్దుకోవచ్చు. పెద్ద సిలిండర్లకి మాత్రం వాటాలు వేద్దాం. గోడౌనులో ఇన్ని నీవి, ఇన్ని నాన్నవి. లైన్ ఉంటే ఒకరి వాటాలోంచి ఇంకొకరు అడిగి తీసుకోవచ్చు. తెగితే ఎవరి వాటా వాళ్లదే. అప్పుడు ఒకే సిలిండరుకి రెండు చీటీలు పడవు, నాన్న తెరా ఆగదు."

"ఇది ఆ రోజే చెప్పొచ్చుగా?" అన్నాను.

"రాయడానికి పని రెట్టింపు అత్తా. పైగా మీరిద్దరూ వాటాల దగ్గర కొట్టుకుంటారని."

"మేమెందుకు కొట్టుకుంటాం?" అన్నాడు తమ్ముడు. "సగం నాది, సగం అక్కది."

"సగమా? నీ కొట్టు చీటీలు మూడో వంతు కూడా ఉండవు!"

"గోడౌను నీ వెనకుందని సిలిండర్లన్నీ నీవైపోతాయా? గాలి నీ వీధిలోనే వీస్తుందా?"

"గాలి సంగతి కాదురా, గిరాకీ సంగతి..."

మంచం మీద ముసలావిడ చెయ్యి లేచింది. మాస్కును కొంచెం పక్కకు జరిపింది. "మీ పంపకాలేవో బయట చేసుకోండర్రా," అంది, గుక్కకో మాటగా. "ఇప్పుడే కాస్త కునుకు పడుతోంది."

గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నాం. తడి వీధిలో ఒక్క దీపం లేదు. కట్ట అవతల ఇంకా చీకటి. ఎప్పుడు కరెంటు పోయినా అటు వైపు ఆలస్యంగానే వస్తుంది. పైగా గేటు పడితే అటు నుంచి మనిషి రావడమే కష్టం. గిరాకీ లెక్కన మూడో వంతు సరైన వాటా. గండం లెక్కన కాదు.

"సగం తీసుకో," అన్నాను.

తమ్ముడు నమ్మనట్టు చూశాడు. బేరం ఆడకుండా దొరికిన దాన్ని వాడెప్పుడూ నమ్మడు. "తర్వాత మాట మారుస్తావు. నీ వాటా అయిపోయి, నా వాటావి కళ్లముందు గోడౌనులో నిలబడి ఉండి, నీ కౌంటర్ ముందు ఎవరో ఏడుస్తుంటే ఏం చేస్తావు?"

"లైన్ ఉంటే నిన్ను అడుగుతాను."

"లేకపోతే?"

అదే ఈ బేరంలో ఖరీదు. సరుకు కళ్లకు కనబడుతుండగా చేత్తో ముట్టకుండా, ఎదురుగా ఉన్న మనిషికి లేదని చెప్పాలి. నలభై ఏళ్లు పోసి నేర్చుకున్న వ్యాపారానికి అది అడ్డం. అయినా ఆ గుమ్మంలో ఇందాక నేను నిలబడ్డ నిలబడటం కన్నా అది చవకే.

"లేకపోతే ఆ మనిషిని కూర్చోబెట్టి, కట్ట దాటి నీ దగ్గరికి నడిచొచ్చి అడుగుతాను. నువ్వు ఇస్తానంటేనే వాల్వు మీద చెయ్యి వేస్తాను."

తమ్ముడు లేచి లోపలికి వెళ్లాడు. మంచాల మధ్య సిలిండరు దగ్గర వంగి, ఫోను వెలుతురులో ముల్లు ఎక్కడుందో చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"పెద్దవి చెరి సగం," అన్నాడు. "రేపు లారీ రాకముందే రాసెయ్యి తల్లీ."